కాలేజీ లిస్ట్ వేసుకునే ముందే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ పట్టండి

అమెరికాలో ఉన్న మన తెలుగు ఇళ్ళల్లో పిల్లలు పదకొండో గ్రేడ్‌కి వచ్చేసరికి రెండు మాటలు మొదలవుతాయి. ఒకటి "అమ్మో ఆ కాలేజీనా, ఏడాదికి తొంభై వేలంట, మన వల్ల ఎక్కడవుద్ది" అని, రెండోది "ఇద్దరం జాబ్‌లు చేస్తున్నాం, మనకి ఎయిడ్ ఎవరిస్తారు, ఆ ఫారాలు నింపడం టైమ్ వేస్ట్" అని. రెండూ లెక్క వేయకుండా అనేసే మాటలే. మా పెద్దమ్మాయప్పుడు మేమూ ఇవే అనుకున్నాం, తీరా కూర్చుని ఒక్కో కాలేజీ క్యాలిక్యులేటర్ నింపి చూస్తే మేం అందదు అనుకున్న ఒక ప్రైవేట్ కాలేజీ మా స్టేట్ యూనివర్సిటీకి దగ్గర్లోకి వచ్చింది, చేతిలో ఉన్నట్టే అనుకున్న పక్క స్టేట్ యూనివర్సిటీ ఏమో మాకు ఏమాత్రం అందని రేటు చూపించింది. అందుకే చిన్నోడి టైముకి లిస్ట్ తర్వాత, లెక్క ముందు అని పెట్టుకున్నాం. ఆ లెక్క ఎలా వేయాలో, ఎక్కడ తప్పులు దొర్లుతాయో రాస్తున్నా.

ముందు ఒక్క మాట క్లియర్ చేసుకోవాలి. కాలేజీ వెబ్‌సైట్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది కాస్ట్ ఆఫ్ అటెండెన్స్, అంటే ట్యూషన్, ఫీజులు, డార్మ్, మీల్ ప్లాన్, పుస్తకాలు, రాకపోకలు, పిల్లల చిల్లర ఖర్చులు అన్నీ కలిపిన మొత్తం. అందులోంచి తిరిగి కట్టక్కర్లేని డబ్బు, అంటే గ్రాంట్లూ స్కాలర్‌షిప్‌లూ తీసేస్తే మిగిలేది నెట్ ప్రైస్, మన జేబుకి సంబంధించింది ఆ రెండో అంకె ఒక్కటే. 2008లో వచ్చిన హయ్యర్ ఎడ్యుకేషన్ ఆపర్చునిటీ చట్టం వల్ల ఫెడరల్ ఎయిడ్ తీసుకునే కాలేజీలు, కొత్తగా చేరే ఫుల్‌టైమ్ అండర్‌గ్రాడ్ పిల్లల్ని తీసుకునేవైతే, తమ వెబ్‌సైట్లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ పెట్టి తీరాలి, 2011 అక్టోబర్ నుంచి ఇది అమల్లో ఉంది. కాబట్టి దాదాపు ఏ కాలేజీకైనా ఉంటుంది, కాకపోతే కొన్ని కాలేజీలు దాన్ని ఎక్కడో మూలన పడేస్తాయి, మెనూల్లో వెతుక్కుంటూ కూర్చోకుండా కాలేజీ పేరు పక్కన నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ అని కొట్టి సెర్చ్ చేస్తే నేరుగా దొరుకుతుంది. డబ్బులు కట్టమనే ప్రైవేట్ సైట్ల జోలికి అసలు పోవద్దు, ఇవన్నీ ఫ్రీ.

క్యాలిక్యులేటర్లు అన్నీ ఒకటి కాదు, నేను వాడే వరస చెప్తా. మొదట స్టూడెంట్ఎయిడ్ డాట్ గవ్‌లో ఉన్న ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ ఎస్టిమేటర్. ఇది గవర్నమెంట్‌ది, మీ ఎస్ఏఐ, అంటే స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ ఎంత వస్తుందో ఉజ్జాయింపుగా చెప్తుంది. 2024-25 నుంచి కుటుంబం ఎంత పెట్టగలదో చెప్పే పాత లెక్క ఈఎఫ్‌సీ పోయి దాని ప్లేసులో ఇది వచ్చింది, కనిష్ఠంగా మైనస్ 1500 దాకా వెళ్తుంది, ఎంత తక్కువైతే అంత ఎక్కువ అవసరం ఉన్నట్టు. పెల్ గ్రాంట్, అంటే అవసరం ఎక్కువున్న పిల్లలకి గవర్నమెంట్ ఇచ్చే తిరిగి కట్టక్కర్లేని డబ్బు, వస్తుందా రాదా కూడా చెప్తుంది, 2025-26లో పెల్ గరిష్ఠం 7,395 డాలర్లు. ఒక్కటి గుర్తు పెట్టుకోండి, ఎస్ఏఐ అంటే మీరు కట్టాల్సిన అమౌంట్ కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. అది కాలేజీలు మీ అవసరాన్ని కొలిచే స్కేల్ మాత్రమే, కాస్ట్‌లోంచి ఎస్ఏఐ తీసేస్తే వచ్చేది మీ నీడ్, ఆ నీడ్ మొత్తం తీర్చే కాలేజీలు కొన్నే, మిగతావి కొంత ఇచ్చి మిగతాది మీకే వదిలేస్తాయి. అందుకే ఎస్ఏఐ చూసి ఆగిపోకుండా రెండో మెట్టుగా లిస్టులో ఉన్న ప్రతి కాలేజీ సొంత క్యాలిక్యులేటర్ నింపాలి, దీనికి షార్ట్‌కట్ లేదు. మొదట త్వరగా ఒక అంచనా కావాలంటే మైఇన్‌ట్యూషన్ అని ఒకటుంది, వెల్లెస్లీ కాలేజీ ఎకనమిక్స్ ప్రొఫెసర్ ఫిలిప్ లెవిన్ తయారు చేసింది, 2013లో అక్కడే మొదలైంది, ఇప్పుడు చాలా ప్రైవేట్ కాలేజీలు వాడుతున్నాయి, కాసిని ప్రశ్నలు అడిగి తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత అని రేంజ్ ఇచ్చేస్తుంది, ఐదు నిమిషాల పని. ఇంకా కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే గవర్నమెంట్ సైట్‌లో ఆదాయం స్లాబుల వారీగా గతంలో పిల్లలు సగటున ఎంత కట్టారో ఉంటుంది, కానీ దాని పై స్లాబు 1,10,001 డాలర్ల దగ్గర మొదలై ఇంక పైకి అంతా ఒకటే గంప, కాబట్టి ఇద్దరూ సంపాదించే ఇంటికి ఆ అంకె పెద్దగా పనికిరాదు.

వీసా విషయం ముందే తేల్చుకోండి, ఎందుకంటే క్యాలిక్యులేటర్ ఇది సరిగ్గా అడగదు, మీరు తప్పు ఊహతో నింపేస్తారు. ఫెడరల్ ఎయిడ్‌కి చూసేది పిల్లల స్టేటస్, తల్లిదండ్రులది కాదు. పాప ఇక్కడే పుట్టి సిటిజన్ అయితే మీరు హెచ్1బీలో ఉన్నా సరే తనకి ఫాఫ్సాకి, అంటే ఫెడరల్ ఎయిడ్ కోసం నింపే ఫారానికి, అర్హత ఉంది, అమ్మకో నాన్నకో సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోయినా స్టూడెంట్ఎయిడ్ అకౌంట్ తెరవొచ్చు. గ్రీన్‌కార్డ్ ఉన్న పిల్లలకీ అర్హత ఉంది. హెచ్4లో ఉన్న పిల్లలకి మాత్రం ఫెడరల్ గ్రాంట్, ఫెడరల్ లోన్ రెండూ రావు, ప్రధానంగా కాలేజీ ఇచ్చే సొంత డబ్బే ఆధారం, అది కూడా కొన్ని చోట్ల ఇంటర్నేషనల్ స్టూడెంట్ల లెక్కలో చూస్తారు. అలాంటప్పుడు క్యాలిక్యులేటర్ చూపించిన అంకెని నమ్ముకోకుండా కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి ఒక ఈమెయిల్ కొట్టి, హెచ్4 డిపెండెంట్‌కి ఇన్‌స్టేట్ ట్యూషన్ (ఆ స్టేట్ వాళ్ళకుండే తక్కువ ఫీజు) ఇస్తారా, ఇన్‌స్టిట్యూషనల్ గ్రాంట్ ఇస్తారా అని రెండే ప్రశ్నలు అడగండి, జవాబు రాతపూర్వకంగా మీ దగ్గరుంటుంది.

ఇక నింపడానికి కూర్చునేటప్పుడు ఊహించి అంకెలు వేయొద్దు, కాగితాలు ముందరేసుకోండి. పోయినేడాది ట్యాక్స్ రిటర్న్ 1040, ఇద్దరి డబ్ల్యూ-2లు, బ్యాంక్ బ్యాలెన్స్‌లు, బ్రోకరేజ్ స్టేట్‌మెంట్లు, పిల్లల చదువు కోసం దాచే 529 అకౌంట్ ఉంటే దాని బ్యాలెన్స్, ఇల్లుంటే ఇప్పటి విలువ, దాని మీద మిగిలిన లోన్. పిల్లల జీపీఏ, శాట్ లేదా యాక్ట్ స్కోర్ కూడా పక్కన పెట్టుకోండి, కొన్ని క్యాలిక్యులేటర్లు మెరిట్ స్కాలర్‌షిప్ కూడా లెక్కగడతాయి. ఇన్‌కమ్ దగ్గర జీతం కాదు, ఏజీఐ (అడ్జస్టెడ్ గ్రాస్ ఇన్‌కమ్) అడిగితే 1040లో ఉన్న ఏజీఐ వేయండి, మీ ఆఫర్ లెటర్లో ఉన్న ప్యాకేజీ వేస్తే లెక్క మొత్తం పైకి పోతుంది. సీఎస్ఎస్ ప్రొఫైల్, అంటే కొన్ని కాలేజీలు తమ సొంత ఎయిడ్ కోసం నింపమనే ఇంకో ఫారం, అడిగే కాలేజీల క్యాలిక్యులేటర్లు ఆ ఏడాది 401కె రిటైర్మెంట్ అకౌంట్లో ఎంత వేశారో విడిగా అడుగుతాయి, అది డబ్ల్యూ-2లో బాక్స్ 12లో ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇవ్వాల్సిన పని ఎక్కడా లేదు, లాగిన్ అడిగితే గెస్ట్‌గా వెళ్ళే దారి ఉందేమో చూడండి, ఉంటే అలాగే వెళ్ళండి.

ఆస్తుల దగ్గరే అసలు తప్పులు జరుగుతాయి కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మొదటిసారి నేను ఇన్వెస్ట్‌మెంట్స్ అన్న గడిలో మా ఇద్దరి 401కె బ్యాలెన్స్‌లు కూడా కలిపి కొట్టేశాను, వచ్చిన నెట్ ప్రైస్ చూసి ఆ కాలేజీని అక్కడికక్కడే కొట్టేశాం, మూడు వారాల తర్వాత ఇంకో కాలేజీ క్యాలిక్యులేటర్‌లో "రిటైర్మెంట్ అకౌంట్లు కలపొద్దు" అని చిన్న అక్షరాల్లో చూసి గుండె జారింది, మళ్ళీ వెనక్కెళ్ళి నింపితే అంకె వేల డాలర్లు తగ్గింది. 401కె, ఐఆర్ఏ లాంటి రిటైర్మెంట్ బ్యాలెన్స్‌లు ఫాఫ్సా లెక్కలోకి రావు. మీరుండే ఇల్లు కూడా ఫాఫ్సాలో రాదు, కానీ సీఎస్ఎస్ ప్రొఫైల్ వాడే చాలా ప్రైవేట్ కాలేజీలు ఇంటి ఈక్విటీ, అంటే విలువలోంచి లోన్ తీసేస్తే మిగిలేది, అడుగుతాయి, ఒక్కో కాలేజీది ఒక్కో రూలు, కాబట్టి ఒక కాలేజీ లెక్క ఇంకో కాలేజీకి అతికించడానికి లేదు.

అలాగే ఇండియాలో ఉన్న ఫ్లాటు, ప్లాటు, పొలం, ఎఫ్‌డీలు. మనవాళ్ళలో చాలామంది ఇవి అడగరులే అనుకుంటారు. అమెరికా బయట ఉన్నంత మాత్రాన ఆస్తి కాకుండా పోదు, మీరుండే ఇల్లు కానిది ఏదైనా మీ పేరు మీద ఉంటే అది ఇన్వెస్ట్‌మెంట్ కిందకే వస్తుంది, ఇవాళ్టి విలువలోంచి అప్పు తీసేసి డాలర్లలోకి మార్చి వేయాలి. మీ అమ్మానాన్నల పేరు మీద ఉన్నది మీది కాదు, అది వేయక్కర్లేదు. ఇది వదిలేస్తే ఇవాళ క్యాలిక్యులేటర్ తియ్యటి అంకె చూపిస్తుంది, రేపు అసలు ఫారంలో నిజం రాసేసరికి ఆ అంకె ఎగిరిపోతుంది, దాచడం అంటారా, అది సంతకం పెట్టి ఇచ్చే ఫెడరల్ ఫారం, ఆ ఆలోచనే వద్దు. ఇంకోటి, మీరు నెలనెలా అమ్మానాన్నలకి పంపే డబ్బు, వాళ్ళ ఆస్పత్రి ఖర్చులు ఏ క్యాలిక్యులేటర్‌కీ తెలియవు. సీఎస్ఎస్ ప్రొఫైల్లో ప్రత్యేక పరిస్థితులు రాసే చోటు ఉంటుంది, అక్కడ రాయండి, పరిగణిస్తారా లేదా అన్నది కాలేజీ ఇష్టం, అడగడం మాత్రం మన హక్కు.

ఆస్తి ఎవరి పేరు మీద ఉందన్నది కూడా చూసుకోండి. ఫాఫ్సా లెక్కలో తల్లిదండ్రుల సేవింగ్స్‌లో గరిష్ఠంగా 5.64 శాతం దాకా లెక్కేస్తారు, పిల్లల పేరు మీదున్న డబ్బులో ఏకంగా 20 శాతం. అంటే పాప పేరు మీద కస్టోడియల్ అకౌంట్లో 10,000 డాలర్లుంటే ఎస్ఏఐ 2,000 పెరుగుతుంది, అదే పదివేలు మీ పేరు మీద 529లో ఉంటే ఎక్కువలో ఎక్కువ 564. క్యాలిక్యులేటర్‌లో ఈ రెండు గడులూ పక్కపక్కనే ఉంటాయి, 529ని పొరపాటున స్టూడెంట్ గడిలో వేయకండి, అది పేరెంట్ ఆస్తే.

మిగతా ప్రశ్నలు తేలికే. పబ్లిక్ యూనివర్సిటీకి ఇన్‌స్టేటా అవుటాఫ్‌స్టేటా అన్నది సరిగ్గా పెట్టండి, డీఫాల్ట్‌గా ఇన్‌స్టేట్ టిక్ అయి ఉంటుంది కొన్నింట్లో, అక్కడ చూసుకోకపోతే లెక్క తల్లకిందులవుతుంది. ఇంటి నుంచి వెళ్ళొస్తారా డార్మ్‌లో ఉంటారా అన్న చోట నిజంగా ఏం చేస్తారో అదే పెట్టండి. పిల్లలు ఇద్దరూ ఒకేసారి కాలేజీలో ఉంటే పాత ఈఎఫ్‌సీలో భారం సగానికి పంచేవాళ్ళు, ఇప్పుడు ఎస్ఏఐలో ఆ వెసులుబాటు తీసేశారు, సీఎస్ఎస్ కాలేజీల్లో మాత్రం చాలా చోట్ల ఇంకా చూస్తారు, మన ఇళ్ళల్లో పిల్లలకి రెండుమూడేళ్ళ తేడానే ఎక్కువ కాబట్టి ఇది చిన్న విషయం కాదు, నలుగురూ కూర్చుని ఆ రెండేళ్ళ లెక్క విడిగా వేసుకోవాల్సిందే.

కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్, బిజినెస్ అనుకునేవాళ్ళకి ఇంకో మాట, చాలా పబ్లిక్ యూనివర్సిటీల్లో ఈ మేజర్లకి ట్యూషన్ వేరేగా ఎక్కువ ఉంటుంది, ఇల్లినాయ్ అర్బానా షాంపేన్‌లో ఇంజినీరింగ్‌కి అలాగే ఉంది. క్యాలిక్యులేటర్ మేజర్ అడగకపోతే మామూలు ట్యూషనే చూపిస్తుంది, కాబట్టి యూనివర్సిటీ ట్యూషన్ పేజీకి వెళ్ళి మేజర్ వారీ రేటు చూసి తేడా మీరే కలుపుకోండి. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా అంతే, కలిపారో లేదో చూడండి, మీ ఆఫీస్ ఇన్సూరెన్స్‌లో పిల్లలు 26 ఏళ్ళ దాకా ఉండొచ్చు కాబట్టి చాలా చోట్ల వేవర్ పెట్టుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది. జార్జియాలో హోప్, ఫ్లోరిడాలో బ్రైట్ ఫ్యూచర్స్ లాంటి స్టేట్ స్కాలర్‌షిప్‌లు కొన్ని క్యాలిక్యులేటర్లు కలుపుతాయి కొన్ని కలపవు, రిజల్ట్‌లో వాటి పేరు కనిపించకపోతే విడిగా లెక్కేయండి.

రిజల్ట్ వచ్చాక కంగారుగా చివరి అంకె మీదకి దూకొద్దు. చాలా క్యాలిక్యులేటర్లు చివర్లో లోన్, వర్క్ స్టడీ కూడా తీసేసి "మీరు కట్టాల్సింది ఇంతే" అని చూపిస్తాయి. లోన్ అంటే అప్పు, వర్క్ స్టడీ అంటే పిల్లలు గంటలు లెక్కన పనిచేసి తెచ్చుకునే జీతం, రెండూ తగ్గింపు కాదు. పేపర్ మీద మీరే మొత్తం ఖర్చు రాసి, అందులోంచి గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు మాత్రం తీసి మీ సొంత నెట్ ప్రైస్ రాసుకోండి, అన్ని కాలేజీలకీ ఒకే పద్ధతిలో. తర్వాత ఆ అంకె ఏ అకడమిక్ ఇయర్‌దో చూడండి, కింద చిన్నగా రాసి ఉంటుంది, రెండేళ్ళ కిందటి డేటా అయితే మీ పిల్ల చేరేసరికి ఫీజులు పెరిగి ఉంటాయి. పది ప్రశ్నలడిగి ఆస్తుల ఊసెత్తకుండా రిజల్ట్ ఇచ్చేసిందంటే అది ఫెడరల్ టెంప్లేట్, గతంలో మీలాంటి ఆదాయం ఉన్నవాళ్ళు తీసుకున్న గ్రాంట్ల మధ్యస్థం చూపిస్తుంది అంతే, మీ లెక్క కాదు. ముప్పై నలభై ప్రశ్నలడిగి విసిగించే క్యాలిక్యులేటర్లే నిజానికి దగ్గరగా వస్తాయి, ఓపిక పట్టండి.

నాకు అన్నింటికన్నా ముఖ్యం అనిపించిన లెక్క ఇప్పుడు చెప్తా, ఇది ఏ క్యాలిక్యులేటరూ చూపించదు. క్యాలిక్యులేటర్ చూపించేది మొదటి ఏడాది మాత్రమే, చదువు నాలుగేళ్ళు. ఉదాహరణకి ఒక స్టేట్ యూనివర్సిటీ ఖర్చు 38,000, స్కాలర్‌షిప్ 6,000, నెట్ 32,000 అనుకుందాం. ఒక ప్రైవేట్ కాలేజీ ఖర్చు 84,000, మెరిట్ స్కాలర్‌షిప్ 55,000, నెట్ 29,000. చూడగానే ప్రైవేటే ఏడాదికి మూడు వేలు తక్కువ, నాలుగేళ్ళకి పన్నెండు వేలు మిగులు అనిపిస్తుంది. కానీ మెరిట్ స్కాలర్‌షిప్ మామూలుగా నాలుగేళ్ళూ అంతే ఉంటుంది, ఫీజు మాత్రం ఏటా పెరుగుతుంది. ఏడాదికి 4 శాతం పెరుగుతుందని వేసుకుంటే ప్రైవేట్‌లో నాలుగో ఏడాది ఖర్చు దాదాపు 94,500, అందులో 55,000 తీస్తే 39,500, అంటే 29,000తో మొదలైంది పదివేలు పెరిగింది. స్టేట్ యూనివర్సిటీలో నాలుగో ఏడాది 36,750 దగ్గర ఆగుతుంది. నాలుగేళ్ళూ కలిపితే ప్రైవేట్ 1,36,700, స్టేట్ 1,37,400, వెరసి రెండూ ఒకటే. మొత్తం ఖర్చు ఎంత పెద్దదైతే పెరుగుదల అంత పెద్దగా మన మీద పడుతుంది, స్కాలర్‌షిప్ పెరగదు. నీడ్ బేస్డ్ గ్రాంట్ అయితే కాలేజీని బట్టి ఖర్చుతో పాటు పెరగొచ్చు, ఇంట్లో ఆదాయం పెరిగితే తగ్గనూవచ్చు. కాబట్టి ప్రతి కాలేజీకి నాలుగు కాలమ్స్ పెట్టి నాలుగేళ్ళ మొత్తం వేయండి, స్కాలర్‌షిప్ నిలబెట్టుకోవడానికి ఎంత జీపీఏ ఉండాలో కూడా పక్కన రాయండి.

మాకు ఆదాయం ఎక్కువ, నీడ్ అసలు రాదు అనుకునేవాళ్ళు మెరిట్ మీద దృష్టి పెట్టాలి, దీనికి క్యాలిక్యులేటర్‌కి తోడుగా కామన్ డేటా సెట్, అంటే కాలేజీ తన అడ్మిషన్ల, ఎయిడ్ వివరాలు ఒకే పద్ధతిలో ఇచ్చే రిపోర్ట్, చూడండి. కాలేజీ పేరుతో కలిపి సెర్చ్ చేస్తే పీడీఎఫ్ దొరుకుతుంది, అందులో హెచ్ సెక్షన్‌లో హెచ్2ఏ అనే భాగంలో నీడ్ లేని పిల్లల్లో ఎంతమందికి మెరిట్ డబ్బులిచ్చారో, సగటున ఎంతో రాసి ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే ఆ కాలేజీ మెరిట్ ఇవ్వదని అర్థం, ఐవీ లీగ్ కాలేజీలన్నీ అంతే, అక్కడ నీడ్ తప్ప ఇంకేం లేదు. దాని పైనే హెచ్2లో నీడ్‌లో సగటున ఎంత శాతం తీరుస్తారో కూడా ఉంటుంది, క్యాలిక్యులేటర్ చూపించిన అంకె నమ్మదగ్గదేనా అని పోల్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు కనిపించలేదు.

ఈమధ్య వాట్సాప్ గ్రూపుల్లో "రెండు లక్షల లోపు ఆదాయమైతే హార్వర్డ్ ఫ్రీ" అని తిరుగుతోంది కదా, అది పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజం కూడా కాదు. 2025-26 నుంచి హార్వర్డ్, ఎంఐటీ రెండూ 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకి ట్యూషన్ ఫ్రీ అన్నాయి, అంటే ట్యూషన్ మాత్రమే, డార్మ్, తిండి విడిగా ఉంటాయి, లక్ష లోపు ఉంటే అవి కూడా కలుస్తాయి. పైగా ఇది మామూలు స్థాయి ఆస్తులున్నవాళ్ళకి వర్తించే మాట, హైదరాబాద్‌లో రెండు ఫ్లాట్లూ ఇక్కడ ఒక రెంటల్ ఇల్లూ ఉంటే లెక్క వేరు. ఆ ఫార్వర్డ్ చూసి సంబరపడకుండా వాళ్ళ క్యాలిక్యులేటర్ నింపండి, అరగంటలో తేలిపోతుంది.

క్యాలిక్యులేటర్ బాగా తప్పేది ఎవరికంటే సొంత బిజినెస్ ఉన్నవాళ్ళకి, రెంటల్ ఇళ్ళున్నవాళ్ళకి, విడిపోయిన తల్లిదండ్రులకి, పోయినేడాది ఆదాయం ఒక్కసారిగా పెరిగినవాళ్ళకి లేదా ఉద్యోగం పోయినవాళ్ళకి. బిజినెస్ రూల్ మారింది కూడా, 100 మంది లేదా అంతకన్నా తక్కువ ఫుల్‌టైమ్ ఉద్యోగులున్న కుటుంబ బిజినెస్ విలువని 2026-27 ఫాఫ్సా నుంచి మళ్ళీ లెక్కలోంచి తీసేశారు, క్యాలిక్యులేటర్ ఇంకా పాత రూల్ మీదే ఉండొచ్చు.

ఎప్పుడు చేయాలి అంటే నా లెక్కలో పదో గ్రేడ్ మొదట్లో ఒకసారి, పదకొండో గ్రేడ్ ఎండాకాలంలో ఇంకోసారి. ఎందుకంటే ఫాఫ్సా రెండేళ్ళ వెనకటి ట్యాక్స్ చూస్తుంది, 2027 ఫాల్‌లో చేరే పిల్లలకి 2025 ఆదాయం లెక్క, అంటే పదో గ్రేడ్ జనవరి నుంచే మీ మీటర్ తిరగడం మొదలైపోయినట్టు. ఆ ఏడాది కంపెనీ ఇచ్చిన షేర్లు (ఆర్ఎస్‌యూలు) అమ్మినా, ఊళ్ళో పొలం అమ్మి లాభం ఇక్కడ ట్యాక్స్‌లో చూపించినా అది ఎస్ఏఐని లేపుతుంది. ఆ అమ్మకం ఒక ఏడాది ముందుకో వెనక్కో జరపగలిగితే ఎంత తేడా వస్తుందో ఫెడరల్ ఎస్టిమేటర్‌లో రెండుసార్లు నింపి చూసుకోండి, ఒకసారి ఆ లాభం కలిపి, ఒకసారి కలపకుండా.

ప్రతి రిజల్ట్‌నీ పీడీఎఫ్‌గా సేవ్ చేయండి, తేదీ ఉండేలా. ముఖ్యంగా ఎర్లీ డెసిషన్ అనుకుంటే ఇది తప్పనిసరి, అక్కడ సీటొస్తే వెళ్ళి తీరాలన్న ఒప్పందం ఉంటుంది, వచ్చిన ఎయిడ్ సరిపోకపోతే బయటికి రావచ్చు గానీ, అప్పుడు "మీ క్యాలిక్యులేటర్ ఇంత చూపించింది, మీరిచ్చింది ఇంత" అని చూపించడానికి కాగితం ఉండాలి. క్యాలిక్యులేటర్ అంకెకే మీ గుండె ఝల్లుమంటే ఎర్లీ డెసిషన్ వేయొద్దు, ఆఫర్లు పోల్చుకునే అవకాశం చేజేతులా వదులుకున్నట్టే. ఇంకొకటి మనసులో మాట చెప్తున్నా, ఈ అంకెలు పిల్లల ముందు పెట్టండి. వాళ్ళు ఒక కాలేజీ మీద మనసు పారేసుకుని, స్వెట్‌షర్ట్ కూడా కొనుక్కున్నాక, ఏప్రిల్లో మన వల్ల కాదమ్మా అని చెప్పడం చాలా బాధ, అది పెద్దదాని విషయంలో మేం పడ్డాం. చిన్నోడితో పదకొండో గ్రేడ్‌లోనే కూర్చుని ఏడాదికి మేం ఇంత పెట్టగలం, మిగతాది ఇలా అని చెప్తే వాడే ఎక్సెల్ షీట్ తయారు చేశాడు, నాలుగు కాలేజీలు వాడే కొట్టేశాడు.

ఆ లెక్కలో అప్పు ఎంత పట్టుద్దో కూడా రాసుకోండి. పిల్లల పేరు మీద ఫెడరల్ డైరెక్ట్ లోన్ మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆ తర్వాత ఏటా 7,500, మొత్తం 31,000 దాటదు. మిగతాది పేరెంట్ ప్లస్ లోన్, అంటే తల్లిదండ్రుల పేరు మీద వచ్చే ఫెడరల్ లోన్, తీసుకుందాంలే అనుకునేవాళ్ళు, 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకి దాని మీద పరిమితి వచ్చింది, ఒక్కో పిల్లకి ఏడాదికి 20,000, మొత్తం 65,000. నాలుగేళ్ళ లెక్కలో ఈ గీత దాటుతుంటే అది ప్రైవేట్ లోన్ కిందకి పోతుంది, అలాంటి కాలేజీని లిస్టులో ఉంచాలా అని అప్పుడే ఆలోచించండి.

తర్వాత మార్చి, ఏప్రిల్లో అసలు ఎయిడ్ లెటర్లు వస్తాయి, వాటిని మీ పీడీఎఫ్‌ల పక్కన పెట్టి చూడండి. 2022 డిసెంబర్‌లో అమెరికా గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం దాదాపు 91 శాతం కాలేజీలు తమ ఆఫర్ లెటర్లలో నెట్ ప్రైస్ రాయనే లేదు లేదా తక్కువ చేసి చూపించాయి, కాబట్టి లెటర్ చివర ఉన్న అంకెని కూడా నమ్మకుండా మీ పాత పద్ధతిలోనే మళ్ళీ లెక్కేయండి, మొత్తం ఖర్చు ఎంత, గ్రాంట్లు ఎంత, మిగిలింది ఎంత. లెటర్లో మొత్తం ఖర్చు లేకుండా ట్యూషన్ ఒక్కటే ఉంటే డార్మ్, మీల్ ప్లాన్ మీరే కలపండి. క్యాలిక్యులేటర్ కన్నా వేలల్లో తేడా వస్తే భయపడకుండా ఎయిడ్ ఆఫీసుకి అప్పీల్ పెట్టండి, జాబ్ పోయిందా, జీతం తగ్గిందా, ఇంట్లో ఎవరికైనా పెద్ద వైద్యం ఖర్చు వచ్చిందా, దేనికి కాగితం ఉంటే అది జత చేసి, పాత పీడీఎఫ్ కూడా పెట్టి, మర్యాదగా ఒక పేజీలో రాయండి. చాలా కాలేజీల్లో మే 1 దాకా టైమ్ ఉంటుంది, అప్పీల్ చూడ్డానికి వాళ్ళకీ రెండు మూడు వారాలు పట్టొచ్చు కాబట్టి లెటర్ వచ్చిన వారంలోనే పంపించేయండి.